చెంగల్రాయుడి పిండినల్లి

అరవయ్యేళ్ళు నిండిన రోజున చెంగల్రాయుడికి పప్పుల మండీలో శాలువా కప్పారు. కప్పింది సొంత తమ్ముడు కోదండరాం. నలుగురిలో దండ వేసి, లడ్డూ నోట్లో పెట్టి, "అన్నా, నలభై ఏండ్లు కష్టపడినావు, ఇంక ఇంట్లో రెస్టు తీసుకో" అన్నాడు. నోటినిండా లడ్డూ ఉంది కాబట్టి చెంగల్రాయుడు వద్దని చెప్పలేకపోయాడు. లడ్డూ మింగి నోరు తెరిచేసరికి ఆయన కుర్చీలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

మద్రాసుకు చెన్నై అని పేరు మార్చిన మరుసటి ఏడాది సంగతి ఇది. అంత పెద్ద ఊరికే పేరు మారిపోయింది, నీ కుర్చీ మారడం ఎంత పని అని వాషర్‌మెన్‌పేటలో తోటి వర్తకులు ఆయన్ని ఓదార్చారు. ఓదార్చినవాళ్ళ కుర్చీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మండీలో చెంగల్రాయుడి పని రకాలు తీయడం. మూట విప్పగానే పిడికెడు పప్పు తాంబాళంలో పోసుకుని, ఇది మొదటి రకం, ఇది రెండోది, ఇది తాలు అని చూపుడువేలితో విడగొట్టేవాడు. ఆ వేలంటే ఆయనకు ఎంత గౌరవమంటే, అన్నం కలిపేటప్పుడు కూడా దాన్ని కాస్త పక్కకు పెట్టి మిగిలిన నాలుగింటితో కలుపుకునేవాడు.

అలాంటి వేలు ఇంట్లో పనిలేకుండా పడి ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. రెండో రోజుకల్లా వంటింట్లో డబ్బాలన్నీ దించి, నెలకు తెచ్చిన కందిపప్పును మూడు కుప్పలు చేశాడు. ఏ రకానికి ఆ రకం వేరే గిన్నెలో ఉడకాలన్నాడు. ఆయన భార్య సీతాలక్ష్మి మూడు కుప్పల్నీ ఆయన కళ్ళముందే ఒక గిన్నెలోకి ఎత్తి నీళ్ళు పోసింది. నాలుగో రోజు ఆవాలు. ఆరో రోజు చింతపండు. ఏడో రోజు ఆమె రసంలో మిరియాలు ఎక్కువయ్యాయని రసం మీదికి వంగి లెక్కపెట్టబోతే, ఆమె గరిటె పక్కన పెట్టి, "ఆ పొయ్యి కూడా మీరే ఊదుకోండి" అని వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయింది అంటే మిద్దె మీదికి.

సీతాలక్ష్మికి ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది మిద్దె ఒక్కటే. పగిలిన బకెట్లలో, నూనె డబ్బాల్లో, మూలకు పారేసిన పాత కుండల్లో ముప్ఫై ఎనిమిది మొక్కలు పెంచుకుంది. మందారం, నందివర్ధనం, మల్లె, వంగ, నిమ్మ, ఏవేవో. బియ్యం కడిగిన నీళ్ళు చెంబుతో మోసి మోసి బతికించుకుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మామగారికి ఆయాసం, మొగుడికి మండీ. అందుచేత ఆ పద్దెనిమిది మెట్లకు పైన ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమెను పేరుపెట్టి పిలిచి పని చెప్పినవాళ్ళు లేరు. అత్తమామలు పోయిన తర్వాత కూడా ఆమె అక్కడే పొద్దునో గంట, సాయంత్రమో గంట మనిషిలా కూర్చునేది.

ఇప్పుడు మొగుడికి మండీ లేదు. ఎనిమిదో రోజు పొద్దున మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడి ఆమె చేతిలో నీళ్ళ చెంబు ఆగిపోయింది.

చెంగల్రాయుడు మిద్దెంతా ఒకసారి తనిఖీ చేసి, మందారం దగ్గర నిలబడ్డాడు. కొమ్మల చివర, మొగ్గల కింద తెల్లగా దూది అంటినట్టు ఉంది.

"ఏందిది, పిండి చల్లినావా?"

"పిండినల్లి. ఏడాదికొకసారి వస్తుంది. కుంకుడు రసం కొడితే కొంచెం పోతుంది, మిగతాది దానంతట అదే తగ్గుతుంది."

"దానంతట అదే తగ్గేదానికి జలుబా? పురుగు సంగతి నాకు చెప్తావా నువ్వు? నలభై ఏండ్లు మండీలో పురుగును చూసినోణ్ణి."

"మండీ పురుగు పప్పు తింటుంది. ఇది ఆకులో రసం తాగుతుంది."

"తిననీ, తాగనీ. రకం తీస్తే ఏదైనా దొరికిపోతుంది. రేపటినించి మిద్దె నేను చూసుకుంటా. నువ్వు కింద చూసుకో."

కింద చూసుకోవడమన్నది ఆమె ముప్ఫై నాలుగేళ్ళుగా చేస్తున్న పనే. ఆ మాట ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. అయినా, నాలుగు రోజుల ముచ్చట, విసుగుపుడితే దిగిపోతాడని ఊరుకుంది. మొగుణ్ణి ఇన్నేళ్ళు చూసి కూడా ఆమె ఆ పొరపాటు చేసింది.

మర్నాడు తెల్లారేసరికి చెంగల్రాయుడు తాంబాళం, గుండుసూది, ఒక పాత భూతద్దం పట్టుకుని మందారం ముందు ముక్కాలిపీట వేసుకున్నాడు. కళ్ళు ఈమధ్య కొంచెం మసకేశాయి కానీ అద్దం పెడితే బాగానే కనిపిస్తాయని ఆయన నమ్మకం. మొదట రకాలు తీశాడు. ఒక రకం చిన్నవి. బొంబాయి రవ్వంత ఉండి, పెట్టినచోట పెట్టినట్టు కదలకుండా పడున్నాయి. రెండో రకం వాటికి మూడింతలు. ఒళ్ళంతా తెల్లటి పోగులు వేలాడేసుకుని, ఇల్లు తుడిచే గుడ్డలాగా అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

ఆయనకు విషయం నిమిషంలో తేలిపోయింది. పెద్దవి మొదలాళ్ళు, అంటే షావుకార్లు, చిన్నవి కూలివాళ్ళు. మండీలో అయినా మిద్దె మీద అయినా కడుపునిండినవాడు తిరుగుతాడు, పనిచేసేవాడు కూర్చున్నచోటే పడుంటాడు. మొదలాళిని లేపేస్తే కూలివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుని పోతారు. ఈ సిద్ధాంతాన్ని ఆయన పక్కమిద్దె మీద బట్టలారేస్తున్న వాళ్ళకు కూడా వినిపించాడు.

ఇక పెద్దవాటి వేట మొదలైంది. సూదితో లేపడం, తాంబాళంలో వేయడం, బొటనవేలి గోటితో నొక్కడం. అన్నిటికంటే బలిసినదానికి ఆయన కోదండం అని పేరు పెట్టాడు. దాన్ని రెండు గోళ్ళ మధ్య పెట్టి, శాలువా కప్పుతావురా నాకు అని నొక్కేవాడు. మర్నాడు ఇంకో బలిసింది కనిపిస్తే అదీ కోదండమే. ఆ వారంలో కనీసం అరవైమంది కోదండాలు పోయారు. మండీ వదిలాక చెంగల్రాయుడికి మొదటిసారి ఆకలి వేసింది.

నాలుగో రోజు సీతాలక్ష్మి కాఫీ తెచ్చి, ఆ పెద్దవి చిన్నవాటిని తింటున్నట్టుగా ఉందే, నిన్న ఒకదాని నోట్లో ఇంకోటి కనిపించిందని మెల్లగా అంది.

"మొదలాళి కూలోణ్ణి తినక ఇంకేం తింటాడే? అందుకే గదా చంపేది" అన్నాడు చెంగల్రాయుడు, కాఫీ గ్లాసు అందుకుంటూ.

మండీ తర్కానికి ఇంట్లో జవాబు ఎప్పుడూ దొరికేది కాదు.

ఆ తర్వాత ఆయన చీమల్ని కనిపెట్టాడు. నల్లచీమలు బారులుగా కొమ్మెక్కి, చిన్నవాటిని ఏమీ అనకుండా పెద్దవి కనపడితే మాత్రం మీదపడి తరుముతున్నాయి. చెంగల్రాయుడి గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్ళకు తన మాట వినే మనుషులు దొరికారు. మండీలో కాపలావాళ్ళకు టీ ఇప్పించే అలవాటు ఉంది కాబట్టి, ప్రతి కుండీ మొదట్లో ఇంత బెల్లం ముక్క పెట్టాడు. ఆ కబురు వాషర్‌మెన్‌పేటలో ఉన్న చీమలన్నిటికీ అందింది. మూడో రోజుకు అవి మిద్దె చాలక గోడ పట్టుకుని కిందికి దిగాయి. చక్కెర డబ్బా, దేవుడి గూడు, పరుపు, చివరికి చెంగల్రాయుడి బనీను. ఆయన వీపు గోక్కుంటూనే, మనవాళ్ళే, ఊరికే కుట్టరు అని సమర్థించాడు. సీతాలక్ష్మి మూడు రోజులు మంచం కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుకుని పడుకుంది.

పెద్దవి ఒక్కటీ లేకుండా పోయాయి. కూలివాళ్ళు మాత్రం సర్దుకుని పోలేదు. మందారం నుంచి వంగకు, వంగ నుంచి నందివర్ధనానికి పిల్లాపాపలతో కాపురాలు పెట్టారు. ఆకులు ముడుచుకుపోయాయి, మొగ్గలు విచ్చకుండానే రాలాయి. ఇది కోదండం మనుషుల పగ అని చెంగల్రాయుడు తేల్చుకుని పొగాకు కషాయానికి దిగాడు.

రెండు పిడికిళ్ళు వెయ్యమని ఎవరో చెప్తే, ఆయన మొదటి రకం పొగాకు ఏరి ఆరు పిడికిళ్ళు వేశాడు. కాచడానికి చేతికందింది రసం కాచే ఈయం చెంబు, తగరంతో చేసింది. అది సీతాలక్ష్మికి పుట్టింటివాళ్ళు పెట్టింది. లోపల నీళ్ళున్నంతసేపే అది చెంబు, నీళ్ళు ఇంకితే కరిగిపోతుంది. ఒక విడత కషాయం వంచుకుని, రెండో విడత పొయ్యి మీద పెట్టి ఆయన మిద్దెక్కాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో మొక్కలన్నిటికీ తలమునకలుగా కొట్టాడు. కిందికి దిగేసరికి ఇల్లంతా పొగ, వీధిలో సగంమందికి తుమ్ములు, పొయ్యి మీద చెంబు లేదు. పొయ్యి చుట్టూ వెండిలాంటి మడుగు ఉంది.

సీతాలక్ష్మి ఆ మడుగు వైపు చూసింది. గట్టిపడిన తర్వాత అట్లకాడతో గీకి, కాగితంలో పొట్లం కట్టి దాచుకుంది. చెంగల్రాయుడు మాత్రం, పాతదే గదా, కొత్తది కొనిపెడతా అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు ఆమె కళ్ళెత్తి చూసింది. మూడోసారి అనలేదాయన.

వారం తిరిగేసరికి ముప్ఫై ఎనిమిదిలో పందొమ్మిది మొక్కలు మాడిపోయాయి. పదకొండేళ్ళ మల్లెపొద కూడా అందులో పోయింది.

అప్పుడు ఆమె తన పిన్నమ్మ కొడుకు మునికృష్ణను పిలిపించింది. తిరువొత్తియూరులో ఉంటాడు, సర్కారు మొక్కల తోటలో ఉద్యోగం. ఆదివారం పొద్దున రైల్లో వచ్చి, మందారం ముందు గొంతుక్కూర్చుని అరగంట భూతద్దంలో చూశాడు. తర్వాత తలెత్తి, ఈడ పెద్దపెద్దవి, పోగులతో పరిగెత్తేవి ఉండాల్నే, ఏమైనాయి బావా అని అడిగాడు.

"ఒక్కటి మిగల్చలా" అన్నాడు చెంగల్రాయుడు ఛాతీ విరిచి.

మునికృష్ణ నీళ్ళతొట్టి అంచు మీద కూలబడ్డాడు. అవి అక్షింతల పురుగు పిల్లలట. పిండినల్లిని తినడమే వాటి పని. అందుకని అలాంటి తెల్లటి వేషమే వేసుకుని వాటి మధ్య తిరుగుతాయట. పిండినల్లి కార్చే తీపి రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయట. ఎవరైనా తినడానికొస్తే తరిమేది అందుకేనట. అంటే చెంగల్రాయుడు కాపాడవలసినవాళ్ళను చంపి, దొంగల కాపలావాళ్ళకు బెల్లం పెట్టి మేపాడన్నమాట. మునికృష్ణ మంచివాడు, చాలామంది ఇట్లనే పొరబడతారు బావా అని సర్దబోయాడు.

"చాలామంది పొరబడతారు. ఈయన మాత్రం నేను చెప్పినాక పొరబడినాడు" అంది సీతాలక్ష్మి.

ఆరు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, పక్క వేసింది. ఇల్లు నడవడానికి మాటలు అవసరం లేదని చెంగల్రాయుడికి ఆ వారంలో తెలిసొచ్చింది. నాలుగో రోజు ఆమె చెప్పులేసుకుని ఎక్కడికో వెళ్ళి గంట తర్వాత వచ్చింది. ఎక్కడికని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఏడో రోజు ఆమె పైకి పిలిచి, తొట్టి పక్కనున్న మందారాన్ని చూపించింది. ఇది మీ చెట్టు, మిగతావాటి జోలికి రావద్దు, దూది చుట్టిన పుల్లతో ఒక్కొక్కదాన్నే తుడిచి తీయండి, మందులు వద్దు, బెల్లం వద్దు, సిద్ధాంతాలు వద్దు అంది. మిగిలిన పద్దెనిమిది మొక్కల మీద మునికృష్ణ అగ్గిపెట్టెలో తెచ్చిన నల్లటి అక్షింతల పురుగుల్ని వదిలాడు.

మొదట చెంగల్రాయుడు మూతి ముడుచుకున్నాడు. మూటలకు మూటలు చూసినవాడికి ఒక్క చెట్టా అనుకున్నాడు. కానీ కూర్చున్నాక పని ఆయన్ని పట్టుకుంది. ఆకు తిప్పడం, పుల్ల తడపడం, తుడవడం. ఏడింటికి పీట మీద కూర్చుంటే పదకొండింటికి లేచేవాడు. ఎంత తీసినా మర్నాటికి మళ్ళీ ఉండేవి.

రెండు నెలల్లో మిగతా మొక్కలు చిగుర్లేశాయి. వంగ పూత పట్టింది, నందివర్ధనం విరగబూసింది. చెంగల్రాయుడి చెట్టుకు మాత్రం రోజూ పిండినల్లే. దీనికి కూడా ఆయన ఒక కారణం కనిపెట్టాడు. పురుగంతా ఈ చెట్టు దారినే వస్తోంది, తాను ఇక్కడ అడ్డం కూర్చుని ఆపుతున్నాడు, అందుకే వెనక పద్దెనిమిదీ పచ్చగా ఉన్నాయి. ఆ మాట వీధిలో చెప్పాడు, మునికృష్ణకు చెప్పాడు, చివరికి మండీకి ఫోన్ చేసి తమ్ముడికి కూడా చెప్పాడు. నేను లేకుంటే ఈడ మిద్దె మొత్తం పోయుండును అన్నాడు. కోదండరాం అవతలనుంచి సరే అన్నా, సరే అన్నా అని చాలా మెత్తగా అన్నాడు. తమ్ముడికి ఇన్నాళ్ళకు తన విలువ తెలిసిందని చెంగల్రాయుడు ఆ రోజు మారు వడ్డించుకున్నాడు. కావలసినవాడిగా ఉండటమే ఆయనకు కావలసింది. అది ఆయనకు మళ్ళీ దొరికింది.

ఒకరోజు పంపులో నీళ్ళు తొందరగా వచ్చి ఆయనకు ఐదున్నరకే మెలకువైంది. సరే, పని మొదలుపెడదామని మిద్దెక్కాడు. మనలి రిఫైనరీ వైపు నుంచి వచ్చే నూనె కంపు గాలిలో ఉంది. వెలుతురు అప్పుడప్పుడే వస్తోంది. మందారం ముందు సీతాలక్ష్మి నిలబడి ఉంది. ఆమె చేతిలో పక్కింటి జామ ఆకు, ఆ ఆకు నిండా తెల్లగా పిండినల్లి. ఆ ఆకును ఆమె తలపిన్నుతో మందారం కొమ్మకు గుచ్చుతోంది.

"ఏం చేస్తా ఉండావు?"

ఆమె ఉలిక్కిపడలేదు. గుచ్చడం కూడా ఆపలేదు.

"మీకు సరుకు పెడతా ఉండా."

చెంగల్రాయుడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పీట మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగా అని అడిగాడు. చెట్టుకు మొదటి నెలలోనే శుభ్రంగా తగ్గిపోయిందని, అప్పటినించి రోజూ పక్కమిద్దె మీదికి వంగిన జామకొమ్మ నుంచి ఒక ఆకు తెచ్చి గుచ్చుతున్నానని, ఆయన మసక కళ్ళకు అది తెలియలేదని ఆమె చెప్పింది.

"నన్ను మోసం చేసినావు."

"చేసినా. ఈడ మీకు పని లేకుంటే ఆ చెట్ల కాడికి వస్తారు. అవి అయినాక కిందికి వస్తారు, డబ్బాలు దించుతారు. నాకుండేది ఈ మిద్దె ఒకటే. అందులో సగం పోయింది. మిగిలిందీ పోతే నేను యాడికి పోవాల?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకు భరించరానిదయింది. కాస్త కోపం ఉంటే తిరిగి అరవడానికి వీలుండేది.

"ఇంత ఉపాయం నీకు యాడ దొరికింది?" అన్నాడు వెటకారంగా.

సీతాలక్ష్మి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ వెటకారం లేకపోతే చెప్పకపోయేదేమో.

"మీ తమ్ముడి కాడ. మాటల్లేని ఆ వారం మండీకి పోయినా. పూటకైనా మిమ్మల్ని పిలిపించుకోమని అడిగేదానికి. ఆయన ఏడ్చినాడు. కన్ను మసకేసినాక అన్న తీసే రకాలన్నీ తప్పులే వదినా, చెప్పేదానికి నోరు రాకపాయె అన్నాడు. పగలు మీరు తీసిన పప్పంతా సాయంత్రం మళ్ళీ ఒకే మూటలో కలిపి, పొద్దున అదే మూట మీ ముందర పెట్టేవాళ్ళంట. రెండేండ్లు. అన్నకి పని ఉంటే చాలు అన్నాడు."

చెంగల్రాయుడు తలవంచుకున్నాడు. తమ్ముడి మీద కోపం రావాలి. తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, రాలేదు. రెండేళ్ళు మండీలో అందరూ తనను చూసి నవ్వుకున్నారా, జాలిపడ్డారా అని ఆలోచించాడు. రెండింటిలో ఏది నిజమైతే తనకు ఎక్కువ సిగ్గో తేల్చుకోలేకపోయాడు. ఏడుపు వస్తుందేమోనని భయపడి గట్టిగా దగ్గాడు.

"కావాలంటే ఈ ఆకు తీసి పారేస్తా" అంది సీతాలక్ష్మి. పిన్ను మీద చెయ్యి వేసింది కూడా.

కింద వీధిలో పాలవాడి సైకిలు గంట వినిపించింది. ఇంకా ఆరు కాలేదు. కాఫీకి ఆరున్నర, టిఫినుకు ఎనిమిది, భోజనానికి పన్నెండు. ఆ మధ్యలో ఉన్న గంటలన్నీ చెంగల్రాయుడికి వరసగా కనిపించాయి. రేపటివీ, ఎల్లుండివీ కూడా.

"ఉండనీ" అన్నాడు. పుల్ల తీసి దూది చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె వైపు చూడలేదు. "రేపటినించి రెండాకులు తే. ఒకటైతే పదకొండింటికే అయిపోతా ఉంది."

సీతాలక్ష్మి పిట్టగోడ మీదికి వంగి జామకొమ్మ నుంచి ఇంకో ఆకు తుంచుకొచ్చి, తలలోంచి ఇంకో పిన్ను తీసింది.